భూకంపాలు లేని ఊళ్ళో

పోయిన వారం కోకాపేట నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. మా తమ్ముడు కిరణ్‌తో పాటు రాయదుర్గంలో ఒకే ఆఫీసులో పనిచేసే ఒకతని భార్య. ఐదేళ్ళు జర్మనీలో ఉండి ఈ మధ్యే తిరిగి వచ్చారట. వెంట ఆరేళ్ళ బాబును తీసుకొచ్చింది. ఆ పిల్లవాడు మియాపూర్‌లోని మా నాలుగో అంతస్తు బాల్కనీలో నిలబడి మెట్రో రైళ్ళు వచ్చి ఆగడం, వెనక్కి మళ్ళడం చూస్తూ ఉండిపోయాడు తప్ప నేనిచ్చిన బిస్కెట్టు వైపు గానీ, నా వైపు గానీ తిరగలేదు. ఆవిడ టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోనులో రాసుకొచ్చిన సందేహాలు ఒక్కొక్కటే అడిగింది. తెలుగుకు ట్యూషన్ పెట్టించాలా, ఒక తరగతి తక్కువలో వేస్తే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడా, ఇలాంటివి. చివరికి అసలు సంగతి బయటపెట్టింది. "ఇంట్లో జర్మన్ పూర్తిగా ఆపేయమని బళ్ళో చెప్పారండి. అప్పుడే ఇక్కడి భాషలు తొందరగా పట్టుబడతాయట. ఎన్నాళ్ళు ఆపితే సరిపోతుందంటారు? మీకు ఇందులో అనుభవం ఉందని కిరణ్ గారు చెప్పారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. పాతికేళ్ళు దాటిపోయినా అదే సలహా, అదే ధీమాతో, బహుశా అవే మాటలతో ఇంకా ఇళ్ళల్లోకి వస్తున్నందుకు. "ఒక్క రోజు కూడా ఆపకండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది, బాబు మొదటిసారి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఆవిడ తెల్లబోయి కారణం అడిగింది. చెప్పాను. కానీ తొలిసారి ఇంటికొచ్చిన మనిషికి ఎంతని చెబుతాం. ఆవిడ వెళ్ళిపోయాక నా దగ్గర మిగిలిపోయిందే ఎక్కువ. అది ఇక్కడ రాస్తున్నాను.

మేము జపాన్ నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు హైటెక్ సిటీ ఇంకా సగం బండలు, సగం భవనాలు. నాకు పన్నెండేళ్ళు, కిరణ్‌కు తొమ్మిది. జపాన్ వెళ్ళేనాటికి నాకు ఐదు, వాడికి రెండు. నాన్న అక్కడ ఒక చిన్న పట్టణంలో యంత్రాల కంపెనీలో ఇంజినీరుగా చేసేవారు. ఆ ఊరంతటికీ ఇండియా వాళ్ళం మేమొక్కళ్ళమే. మా ఇంట్లో ఒక పద్ధతి దానంతటదే ఏర్పడిపోయింది. అమ్మా నాన్నా తెలుగులో అడిగేవారు, మేము జపనీస్‌లో జవాబు చెప్పేవాళ్ళం. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అలాంటి రోజుల్లో నాన్నకు మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఊరంతా వీసాల కోసం చెన్నై రైళ్ళెక్కుతుంటే మేము ఎదురు దిక్కు నుంచి దిగాం. విమానాశ్రయానికి వచ్చిన చుట్టాలందరూ ఒకే మాట అన్నారు, సొంత దేశానికి వచ్చేశారు, ఇంకేం కావాలి అని. అది నాన్నకు సొంత దేశం. అమ్మకు సొంత దేశం. మా ఇద్దరికీ అది పరాయి దేశమే. ఆ మాట అప్పుడంటే నవ్వారు. ఇప్పుడూ అంటున్నాను, నవ్వేవాళ్ళు ఇప్పుడూ నవ్వుకోవచ్చు.

కొండాపూర్ వైపు ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. నాన్న వాళ్ళమ్మను, మామ్మను, తణుకు నుంచి పిలిపించారు. ఆవిడ వచ్చిన రోజు నుంచి ఇల్లు ఆవిడ చెప్పినట్టు నడిచింది. తెల్లవారకముందే ఇత్తడి ఫిల్టరులోంచి డికాక్షన్ బొట్లు బొట్లుగా దిగే వాసన, ఆ వెనకే తాలింపులో ఇంగువ, ఎనిమిదింటికి నూలుచీరలకు గంజి పెట్టిన పుల్లటి వాసన. మా ఇద్దరి తలలకూ నూనె రాసి, నొక్కి నొక్కి దువ్వేది. వాటర్ ట్యాంకర్ వచ్చిందంటే బకెట్లు, గంగాళాలు, చివరికి కుక్కరు గిన్నెలతో సహా బారులు తీరేవి. ఆవిడకు ఆ ఊళ్ళో ఒక్కటే పగ, రాతి దుమ్ము. ఎటు చూసినా బండలు పగలగొట్టి నేల చదును చేస్తుండేవారు. వాకిట్లో వేసిన ముగ్గు గంటకల్లా మసకబారేది, ఆరేసిన బట్టలు దులిపితే తెల్లటి పొడి రాలేది. కిటికీ చువ్వలు రోజుకు మూడుసార్లు తడిగుడ్డతో తుడుస్తూ, ఎదురుగా ఉన్న గుట్టను చూసి, "ఇన్ని యుగాలు కదలకుండా కూర్చున్నదానివి, నేనొచ్చాకే నీకు ఇలా అవ్వాలా" అని గొణుక్కునేది.

మమ్మల్ని మాదాపూర్ రోడ్డు మీద ఒక చిన్న ప్రైవేటు బడిలో చేర్పించారు. చేర్చుకునే రోజు ప్రిన్సిపాల్ మేడమ్ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి నాన్నతో చెప్పింది. "ఇంట్లో ఆ భాష మాట్లాడనివ్వకండి. కఠినంగా ఉండాలి. ఆరు నెలలు తిరిగేసరికి తెలుగూ ఇంగ్లీషూ వాటంతటవే వచ్చేస్తాయి." నాన్న తలూపారు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మామ్మ సంతోషించింది. ఆవిడను నేను ఇప్పుడు తప్పుపట్టలేను. "నా మనవలు నా ముందే కూర్చుని నాకు తెలియని భాషలో నవ్వుకుంటుంటే, నన్ను చూసే నవ్వుతున్నారేమో అనిపిస్తుందిరా" అంది నాన్నతో. అమ్మ మాత్రం పప్పు ఏరుతున్న చాట మీద నుంచి తల ఎత్తలేదు.

నేను ఆ నియమాన్ని ఒక్కరోజు కూడా పాటించలేదు. ఐదేళ్ళ వయసు దాకా వాడిన తెలుగు నాకు అడుగున ఎక్కడో ఉంది, అది తన్నుకుని పైకి వచ్చింది. మిగిలినది మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటున కూర్చుని జపనీస్‌లో కానిచ్చేదాన్ని. కిరణ్ అలా కాదు. చెప్పిన మాట వినే పిల్లవాడు. ఈ భాష మాట్లాడకూడదు అన్నారు, మానేశాడు. వాడికి అర్థమయ్యే తెలుగు ఉంది గానీ నోటికొచ్చే తెలుగు లేదు. కాబట్టి మాట్లాడటమే మానేశాడు. తల ఊపేవాడు, వేలుతో చూపించేవాడు. ట్యాంకు చాటుకు నేను లాక్కెళ్తే మొదట్లో రెండు మూడు మాటలు గొణిగేవాడు, తర్వాత అవీ లేవు. అది నెలలు గడిచినా పెద్దవాళ్ళకు పట్టలేదు. వచ్చిన చుట్టాలు వాడి బుగ్గ గిల్లి, ఎంత బుద్ధిమంతుడో చూడు, మూరెడు నోరున్న అక్కను చూడు అని మెచ్చుకుని పోయేవారు. నాకు ఈనాటికీ మింగుడుపడనిది అదే. తొమ్మిదేళ్ళ పిల్లవాడు నోరు మూసుకుంటే దానికి ఇంట్లో మంచి పేరు వచ్చింది.

బళ్ళో మాత్రం వాడికి వేరే పేరు వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళకు ముందు గుట్టల వైపు నుంచి పొడుగ్గా ఈల వినపడేది. కాసేపటికి బండ పేలేది. కిటికీ అద్దాలు గడగడలాడేవి, రేకుల కప్పు మీద సన్నటి రాళ్ళు పడ్డట్టు చప్పుడయ్యేది, మందుగుండు వాసన గదుల్లోకి వచ్చేది. మిగతా పిల్లలు తలెత్తి కూడా చూసేవాళ్ళు కాదు. మేము పెరిగిన చోట నేల కదిలితే ఏం చేయాలో అక్షరాల కన్నా ముందు నేర్పిస్తారు. బల్ల కింద దూరాలి, ఒక చేత్తో బల్ల కాలు పట్టుకోవాలి, రెండో చేయి తల మీద పెట్టుకోవాలి, పెద్దవాళ్ళు వచ్చి పిలిచేదాకా బయటకు రాకూడదు. మొదటి రోజు పేలుడు వినగానే నేనూ సగం వంగాను. ఎవరూ వంగలేదని చూసి, పెన్ను పడిపోయినట్టు నటించి లేచాను. పక్క గదిలో బల్ల కింద దూరిన కిరణ్ లేవలేదు. వాడి క్లాసు గొల్లున నవ్వడం గోడ ఇవతలికి వినపడింది. టీచరు చేయి పట్టుకుని లాగితే బల్ల కాలును ఇంకా గట్టిగా పట్టుకున్నాడట. మర్నాడూ అంతే. ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం అంతే. వాడికి ఎలుక అని పేరు పెట్టారు. పెన్ను నాటకం ఆడి తప్పించుకున్నందుకు నాకు అప్పుడు సిగ్గేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఒకరోజు బండ పేలగానే నేను అడగకుండా క్లాసులోంచి లేచి వాడి గది గుమ్మం దాకా పరిగెత్తాను. నాకన్నా ముందు బడి ఆయమ్మ అక్కడుంది. యాదమ్మ అని, ఏడు గదులూ ఊడ్చేది, నీళ్ళు పట్టేది, గంట కొట్టేది అన్నీ ఆవిడే. చేతిలో చీపురు అలాగే పట్టుకుని వంగి బల్ల కిందికి తొంగిచూస్తోంది. వాడికి ఏమైందని నన్నడిగి, భూమి కదిలిందనుకుంటున్నాడని నేను చెప్పగానే, కొంగు దోపుకుని, తనే బల్ల కిందికి దూరింది. నవ్వుతున్న పిల్లలు నవ్వు మానేశారు.

"ఏంది బిడ్డా, గిట్ల జొచ్చినవ్?" అంది మామూలుగా, వంటింట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు. "భూమి కదులుతున్నదనుకున్నవా? భూమేం కదుల్తలేదు. బండ వలగ్గొడుతున్రు. మా ఇంటాయన గాడ్నే పనిచేస్తడు. ముందుగాల సీటీ గొడ్తరు, జనం పక్కకు వోతరు, ఇగ అటెన్క పేలుస్తరు. గంతే. ఫికర్ చెయ్యకు."

వాడు కదల్లేదు. ఆవిడా కదల్లేదు. అలాగే కూర్చుని గుట్ట దగ్గర తన భర్త ఏం చేస్తాడో, అన్నం సద్ది ఎన్నింటికి తింటాడో, ఒకసారి ఈల వినకుండా పిట్టను చూస్తూ నిలబడితే మేస్త్రీ ఎలా తిట్టాడో అంతా చెప్పింది. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. కాసేపటికి బల్ల కాలు వదిలాడు. ఆ మర్నాటి నుంచి ఈల వినపడగానే యాదమ్మ ఎక్కడున్నా వచ్చి వాడి క్లాసు గుమ్మంలో నిలబడేది. వాడు ఆవిడ ముఖం చూసేవాడు. పేలుడు అయిపోయాక ఆవిడ వెళ్ళిపోయేది. టీచర్లందరూ కలిసి లాగినా బయటకు రానివాడు అలా కుర్చీలోనే కూర్చోవడం నేర్చుకున్నాడు. ఇంతకీ ఆవిడ చేసిందేమిటి? వాడు ఎందుకు భయపడుతున్నాడో తెలుసుకుంది, ఆ భయానికి జవాబు చెప్పింది. మాకు కఠినంగా ఉండాలని సలహా ఇచ్చిన వాళ్ళెవరికీ ఇది తట్టలేదు.

ఇక రెండో సంగతి. జపాన్‌లో బడి గదులు పిల్లలే శుభ్రం చేస్తారు. చివరి గంట కొట్టాక ఊడవడం, తుడవడం కూడా చదువులో భాగమే. యాదమ్మ ఒక్కతే ఏడు గదులు ఊడుస్తుంటే కిరణ్ కొన్నాళ్ళు గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక సాయంత్రం బ్యాగు పక్కన పెట్టి, తడిగుడ్డను నాలుగు మడతలు పెట్టి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, నడుం పైకెత్తి గది ఈ చివర నుంచి ఆ చివరికి పరుగు తీశాడు. అక్కడ మేము తుడిచే పద్ధతి అది. యాదమ్మ చీపురు వదిలేసి నవ్వింది. "గిదేందిరా కొడుకా, బండి లెక్క ఉర్కుతున్నవ్" అంది. నేనూ రెండో గుడ్డ తీసుకున్నాను. ఆ బళ్ళో మాకు అందరికన్నా బాగా వచ్చిన పని అదొక్కటే. స్కూలు రిక్షా రెండో ట్రిప్పుకు వచ్చేదాకా ముగ్గురం గదులు తుడిచేవాళ్ళం. పని సాగినంతసేపూ యాదమ్మ మాట్లాడుతూనే ఉండేది. వాడిని ఒక్క ప్రశ్నయినా అడిగేది కాదు, ఏదో ఒకటి చెప్పమని సతాయించేది కాదు. తనే చెప్పుకుపోయేది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక సాయంత్రం, నేను గుడ్డ పిండుతున్నాను. కిరణ్ వరండాలోంచి తల లోపలికి పెట్టి, "యాదమ్మా, బకెట్ ఏడ వెట్టినవ్?" అన్నాడు.

ఆవిడ, "గా మూలకుంది సూడు" అంది తల తిప్పకుండా. వాడు వెళ్ళి తెచ్చుకున్నాడు. నా చేతుల్లోంచి నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి, నేను గుడ్డ పట్టుకుని అలాగే నిలబడ్డాను. వాడి గొంతు ఎలా ఉంటుందో నేను కూడా మరచిపోయానని అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మామ్మ ఏమంటుందో నాకు తెలుసు. పాలవాడితో, కూరగాయల బండి వాళ్ళతో మాట్లాడి లోపలికొచ్చి, "అదేం తెలుగమ్మా, చెవులు నొప్పి పుడుతున్నాయి" అనేది రోజూ. వాడికి దొరికిన మాటలను ఆవిడ చేతిలో పెట్టే ఉద్దేశం నాకు లేదు.

దాచినది ఎన్నాళ్ళో దాగలేదు. ఒక పిల్ల తండ్రి సాయంత్రం ఆలస్యంగా వచ్చి, మోకాళ్ళ మీద గచ్చు తుడుస్తున్న మమ్మల్ని చూశాడు. మంచి ఇళ్ళ పిల్లల చేత ఆయమ్మ చాకిరీ చేయిస్తోందని ఫిర్యాదు చేశాడు. పరీక్షల ముందు రోజులవి. మేడమ్ అమ్మకు కబురు పంపింది. నాన్నకు ఆఫీసులో తీరిక లేదు, అమ్మ వెంట మామ్మ వచ్చింది. వచ్చేముందు మామ్మ కిరణ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నా పేరు కిరణ్ అండి, నేను నాలుగో తరగతి చదువుతున్నానండి" అని పదిసార్లు వల్లె వేయించాలని చూసింది. వాడు వింటూ కూర్చున్నాడు.

మా ఇద్దరినీ కూడా తన గదికి పిలిపించి, మేడమ్ ముందుగా వాడి సంగతి ఎత్తింది. ఏడాదంతా నోరు విప్పలేదని, ఇలాంటి పిల్లవాడిని ఐదుకు పంపలేనని, మూడో తరగతిలో కూర్చోబెట్టాల్సి వస్తుందని చెప్పింది. అడిగితే పేరు కూడా చెప్పలేదు చూడండి అంటూ వాడిని ఇంగ్లీషులో పేరడిగింది, తెలుగులో అడిగింది. మామ్మ వెనక నుంచి పెదవులు కదుపుతూ అందించింది. వాడు నేల చూశాడు. అప్పుడు మేడమ్ యాదమ్మను పిలిపించింది. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"పిల్లల చేత నీ పని చేయిస్తున్నావా?"

"నేను చెయ్యమనలే మేడం. ఆళ్ళే జేస్తున్రు. వద్దన్నా ఇంటలేరు."

"అబద్ధాలు చెప్పకు. రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

కిరణ్ తల ఎత్తాడు. "యాదమ్మ జెప్పలే" అన్నాడు. అందరూ వాడి వైపు తిరిగారు. వాడు మేడమ్‌నే చూస్తున్నాడు. "నేనే జేసిన. మా బడిల అందరం జేస్తుంటిమి. బడి ఇడ్సినంక ఒక్కతే ఏడు రూములు ఊడ్సుడు కష్టమైతది గదా. గందుకే జేసిన. ఆమెను ఏమనొద్దు."

మామ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మేడమ్ ముందు ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వింది. ఆ నవ్వును నేను క్షమించలేదు. "చూశారా, ఏడాదికి నేర్చుకున్న భాష ఇదీ" అంది. ఆ పైన ఒక దారి చూపించింది. నోరైతే లేచింది కాబట్టి ఐదుకు పంపించి చూస్తానంది. యాదమ్మను కూడా ఉండనిస్తుందట. కానీ ఆవిడ ఇక ఈ పిల్లల దగ్గరికి రాకూడదు, సాయంత్రం శుభ్రాలు ఉండకూడదు, ఇంట్లో మంచి తెలుగు తప్ప మరొకటి వినపడకూడదు. లేదంటే మూడో తరగతే.

"గట్ల మాట్లాడితే ఏమైతది మేడం?" అన్నాను నేను. నాకు రెండు తెలుగులూ వచ్చు. మామ్మ తెలుగు నాకు బాగానే వచ్చు. కావాలనే అన్నాను. "మీకు సమజైంది గదా ఆడు జెప్పింది?"

"పెద్దదానికి కూడా అంటుకుంది" అంది మేడమ్, అమ్మతో.

ఏడేళ్ళు పరాయి దేశంలో, ఆ తర్వాత అత్తగారి పెత్తనంలో అమ్మ ఎవరికీ ఎదురు చెప్పడం నేను చూడలేదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు. "మేడమ్ గారూ, జపాన్ వెళ్ళిన మొదటి ఏడాది నేనూ వీడిలాగే ఉన్నానండి" అంది. "కొట్లో వేలు పెట్టి చూపించి కూరలు కొనుక్కునేదాన్ని. బాగా చదువుకున్న వాళ్ళు చాలామంది మా వీధిలో ఉన్నారు, వంగి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయేవారు. నాకు మాటలు వచ్చింది బజారులో చేపలు తోమే ఒక ముసలావిడ దగ్గరండి. నేను చేపలు తినను, అయినా రోజూ పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేది. ఆవిడది ఆ దేశంలో గౌరవమైన మాట కాదని, నాది వింటే జనం నవ్వుకునేవారని తర్వాత తెలిసింది. నవ్వుకోనివ్వండి. ఆవిడ లేకపోతే నేను ఆ ఊళ్ళో పిచ్చిదాన్నయిపోయేదాన్ని." కాస్త ఆగి, "మూడో తరగతిలోనే వేయండి" అంది.

"రెండేళ్ళు పోతాయమ్మాయ్" అంది మామ్మ కంగారుగా. "మగపిల్లాడు. జీవితంలో రెండేళ్ళు."

"పోనివ్వండి అత్తయ్యగారూ. తొమ్మిది నెలలుగా వాడి గొంతు వినలేదు మీరు. ఇప్పుడు విన్నారు కదా." అమ్మ లేచి నిలబడి గుమ్మం వైపు తిరిగింది. "యాదమ్మా, రేపటి నుంచి కూడా వాడితో మాట్లాడు."

యాదమ్మను తీసేయలేదు. ఆవిడలా ఏడు గదులు ఊడ్చే మనిషి ఇంకొకరు దొరకరని మేడమ్‌కు మనసులో తెలుసు. కిరణ్ మాత్రం మూడో తరగతిలో, తనకన్నా జానెడు పొట్టి పిల్లల మధ్య, వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆ రెండేళ్ళు మళ్ళీ ఎప్పుడూ కలిసిరాలేదు. ఇంజినీరింగ్‌లో, ఉద్యోగంలో, పెళ్ళి సంబంధాల్లో, ప్రతిచోటా ఎవరో ఒకరు వయసు లెక్కగట్టి ఎక్కడ తప్పావని అడిగేవారు. తల్లే వాడి భవిష్యత్తు పాడుచేసిందని మా చుట్టాల్లో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననివ్వండి. అదే చుట్టాలు ఈ రోజుల్లో పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని, సినిమాల్లో విన్న ఇగ, గిట్ల అన్నీ కలిపి మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. ఆ రోజు మా వాడు మాట్లాడితే అంటుకున్న జబ్బు అది. మా పాత బడి స్థలంలో ఇప్పుడు అద్దాల భవనం ఉంది. దానికి రెండు వీధుల అవతల కొత్త బడిలో జపనీస్ నేర్పుతామని బోర్డు పెట్టారు. ఏడాదికొకసారి పిల్లల చేతులకు తొడుగులు వేసి, చీపుర్లిచ్చి, ఫోటోలు తీస్తారు. ఆ ఫోటోలు చూసి నేను నవ్వను. నాకు కోపమే వస్తుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. అమ్మ ఆ రోజే ఇంట్లో నియమం ఎత్తేసింది, ఏ భాషలోనైనా మాట్లాడుకోండి అంది. అప్పటికి ఆలస్యమైపోయింది. కిరణ్ ఆ భాషను ఎక్కడ దాచాడో వాడికే దొరకలేదు. ట్యాంకు చాటున నాకు తోడు లేక నాదీ మెల్లగా ఎండిపోయింది. మేమిద్దరం చిన్నప్పుడు దేనికి పడి పడి నవ్వుకున్నామో గుర్తుంది, ఏ మాటలతో నవ్వుకున్నామో గుర్తులేదు. ఒక సలహా, అందరూ మంచికే చెప్పిన సలహా, మా నుంచి తీసుకుపోయింది అది. అందుకే ఆ కోకాపేట ఆవిడ ముందు నేను గొంతు పెంచాను, మళ్ళీ ఎవరైనా వచ్చి అడిగితే మళ్ళీ పెంచుతాను.

బడి నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మామ్మ కిటికీ చువ్వలు కూడా తుడవలేదు. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, సంగతంతా విని, రెండేళ్ళా అని ఒక్కసారి అని, చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. మామ్మ వంట మాత్రం మానలేదు. మామిడికాయ పప్పు చేసి, అందరికీ కంచాలు పెట్టి, గిన్నె పక్కన గరిటె పట్టుకుని కూర్చుంది. ఎవరి కంచంలో వాళ్ళం తలదించుకుని తింటున్నాం. వాడి కంచంలో పప్పు అయిపోయింది. మామూలుగా అయితే కంచం కాస్త ముందుకు జరిపేవాడు, ఆవిడ చూసి వేసేది.

"మామ్మా, ఇంక జర పప్పెయ్" అన్నాడు కిరణ్.

వాడు మామ్మతో మాట్లాడిన మొదటి మాట అది. ఆవిడ నోరు దిద్దడానికే తెరుచుకుంది, ఆ పెదవుల వంపు నాకు బాగా తెలుసు. ఎదిరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను, అమ్మ కూడా చేయి కంచంలో ఆపేసి చూస్తోంది. మామ్మ నోరు మూసుకుంది. ఒక గరిటె వేసింది, సగం నేల మీద పడింది, మళ్ళీ ఒక గరిటె వేసింది. "ఇంకేం కావాలి నాన్నా? అడుగు" అంది. వాడు ఆలోచించి నెయ్యి అడిగాడు. నెయ్యి వేసింది. ఇంకా అడగమంది. అప్పడం అడిగాడు, ఊరగాయ అడిగాడు, మజ్జిగ అడిగాడు. వాడి కడుపు ఎప్పుడో నిండిపోయిందని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా ఆవిడ అడగమంటూనే ఉంది, వాడు అడుగుతూనే ఉన్నాడు.